నీలం ఒక్కసారే పూసింది

మా దుకాణం బోర్డు మీద ‘మ్యాచింగ్ సెంటర్’ అని చూసి ఒకాయన కొడుకు జాతకం పట్టుకుని లోపలికి వచ్చాడు. అమీర్‌పేటలో అన్నిటికీ సెంటర్లున్నాయి కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం. మేము చీరకూ జాకెట్టు ముక్కకూ మాత్రమే సంబంధం కుదురుస్తామనీ, అవి కూడా ఒక్కోసారి ఒక్క ఉతుకుతో విడిపోతాయనీ చెప్పి పంపించాను.

ఆ దుకాణం మా ఆయనా మా మరిదీ కలిసి పెట్టారు. గల్లా మరిదిది, కౌంటరు నాది. మా ఆయన పోయాక కూడా అలాగే నడిచింది. కౌంటరు దగ్గర నాకో ఎత్తు స్టూలు ఉండేది. చీర తెచ్చినావిడ కొంగు పరిచేది. నేను వెనక అరల్లోంచి రెండు మూడు థాన్లు లాగేదాన్ని. అసలు పని ఆ తర్వాతే. చీర కొంగూ థాను కొసా పట్టుకుని, ఆవిడను వెంటబెట్టుకుని, గడప దాటి రోడ్డు మీదికి రావాలి. ట్యూబులైటు కింద రంగులన్నీ దగ్గరి చుట్టాలే. ఎవరికి ఎవరు ఏమవుతారో ఎండలోకి వచ్చాకే తెలుస్తుంది. పుస్తకాల సంచులతో కోచింగు పిల్లలు తోసుకుపోతుంటే, వాళ్ళ మధ్య మేమిద్దరం చిలకపచ్చ గురించి వాదించుకుంటూ నిలబడేవాళ్ళం. మా పుట్టింట్లో నూలుకు రంగులద్దేవాళ్ళు. నాకు చదువు అబ్బలేదు, రంగు అబ్బింది.

ఆ బిల్డింగు ఓనరు దాన్ని పడగొట్టి హాస్టల్ కడతానన్నాడు. ఖాళీ చేయడానికి మాకు కొంత గడువిచ్చాడు. ఆలోపే మరిది పంజాగుట్టలో పెద్ద దుకాణం చూశాడు. ముందంతా అద్దాలు, లోపల ఏసీ, పైకప్పు నిండా తెల్ల లైట్లు.

“వదినా, ఫికర్ జెయ్యకు. గాడ సుత కౌంటరు నీదే,” అన్నాడు.

నాకు కావలసింది ఆ మాటే. ఇంట్లో నేను వండుకుని తినే మనిషిని, అంతే. ఆ స్టూలు మీద కూర్చుంటేనే నన్ను నాలుగు మాటలు అడిగేవాళ్ళుండేవారు.

దుకాణం తెరిచిన రోజు మరిది పక్క పూలషాపులోంచి ఆర్కిడ్ కుండీ ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. పొడుగాటి కాడ మీద వరసగా పూలు. నీలమంటే మామూలు నీలం కాదు, నెమలి మెడను పిండితే కారేంత నీలం. వచ్చిన చుట్టాలందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు.

“వదినా, జర గీ పువ్వుకు మ్యాచింగ్ తియ్యి, చూద్దాం!” అని మరిది అందరి ముందూ సవాలు చేశాడు.

కొత్త అరల్లోంచి ఒక్కటంటే ఒక్క థాను లాగాను. కుండీనీ థానునూ పట్టుకుని అలవాటు ప్రకారం గుమ్మం దాటాను. ఎండలో పక్కపక్కన పెడితే రేకు ఎక్కడ ఆగిందో, గుడ్డ ఎక్కడ మొదలైందో తెలియలేదు. చప్పట్లు కొట్టారు.

“మా వదినవి కండ్లు గావు, కాంటాలు!” అన్నాడు మరిది. ఆ థానులోంచి ఒక ముక్క కోసి కుండీకి చుట్టి కట్టాడు. తర్వాత అద్దం పక్కనున్న చోటు చూపించి, “గీడ ఏస్తం నీ స్టూలు,” అన్నాడు. నేను పొంగిపోయాను. పొంగడం పాలకైతే ఫరవాలేదు, పొయ్యి ఒక్కటే పాడవుతుంది.

పాత దుకాణం ఖాళీ చేసేదాకా నేను అమీర్‌పేటలోనే కూర్చున్నాను. కొన్ని నెలలకు పూలు రాలిపోయాయి. మొక్కను చెత్తలో వేస్తున్నారని తెలిసి, కట్టిన గుడ్డతో సహా ఇంటికి తెచ్చుకుని వంటింటి కిటికీలో పెట్టాను. ఎండుతున్న కాడను కత్తిరించిన రోజున నా వేళ్ళకు నీలం అంటింది. కింద కుండీకి కట్టిన గుడ్డ మీద కూడా ముదురు నీలం మరకలు కనిపించాయి. రంగులవాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని కదా, క్షణం ఆలోచించలేదు. గుడ్డది కచ్చారంగు, తడికి దిగుతోంది అనుకున్నాను. వెంటనే మరిదికి ఫోన్ చేశాను.

“ఆ నీలం థాను అమ్మకు. రంగు పోతున్నది.”

పెళ్ళిళ్ళ సీజన్ అంతా ఆ థాను అటక మీదే ఉంది. తర్వాత ఎవరో ముక్క కోసి ఉప్పునీళ్ళలో నానబెట్టారు, వేడినీళ్ళలో ఉడికించారు. నీళ్ళు తేటగానే ఉన్నాయట.

“వదినా, గా థాను బంగారం లెక్కున్నది. నీకెట్ల కనిపించింది?” అన్నాడు మరిది.

అన్నేళ్ళలో ‘నీకెట్ల కనిపించింది’ అని అతను నన్ను అడగడం అదే మొదటిసారి. అంతకుముందు నాకు కనిపించినదే అందరికీ కనిపించేది.

ఆ వెంటనే నా ఎడమ కంట్లో శుక్లం తీశారు. కొత్త కంటికి లోకమంతా ఉతికి ఆరేసినట్టుంది. కుడి కంటికి మాత్రం పసుపు రాసినట్టే ఉంది. ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి అన్నిటినీ చూసుకోవడం అలవాటైంది. కూరగాయల బండివాడు నేను కన్ను కొడుతున్నాననుకుని మొహం తిప్పుకున్నాడు.

“రెండో కన్ను సుత అయిపోనీ వదినా. గప్పటిదాంక ఆరాంగ ఇంట్ల ఉండు,” అన్నాడు మరిది.

అప్పటికి పాత దుకాణానికి తాళం పడింది. నా స్టూలు సామాన్ల బండిలో పంజాగుట్టకు వెళ్ళింది. నేను వెళ్ళలేదు.

ఇంట్లో నేనూ ఆర్కిడూ మిగిలాం. దానికి ఆకులే తప్ప పూలు లేవు, నాకు ఇల్లే తప్ప కౌంటరు లేదు. దానికే ముందు కదలిక వచ్చింది. ఆకుల మధ్యనుంచి కొత్త కాడ లేచింది, మొగ్గలు కట్టాయి. దుకాణం తెరిచినప్పటి పువ్వు మళ్ళీ పూస్తోందంటే నా చోటు కూడా మళ్ళీ వస్తుందని మొహమాటం లేకుండా నమ్మాను. మొదటి మొగ్గ విచ్చుకున్న పొద్దున కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గరికి వెళ్ళి ఆగిపోయాను.

పువ్వు తెల్లగా ఉంది.

ఎడమ కంటికి పాలలా ఉంది. కుడి కంటికి వెన్నలా ఉంది. ఏ కంటికీ నీలంగా లేదు. నా కంట్లోంచి తీసిన శుక్లం పోయి దాని రేకుల్లో చేరిందా అనుకున్నాను. అది తెల్లగా పూసింది, నేను తెల్లబోయాను. అంతవరకూ మ్యాచింగ్ కుదిరింది.

తెలివైన మనిషైతే నోరు మూసుకునేది. నేను మరిదికి ఫోన్ చేశాను.

“మన నీలం పువ్వు తెల్లగ పూసింది.”



“గది నీలం పువ్వే గదా వదినా. మస్తు ఫోటోలున్నయ్.”

“నాకు తెల్వదా? గా రోజు గుడ్డ తీసింది నేనే గదా.”

“గదే నేననేది. గిప్పుడు తెల్లగ కనిపిస్తున్నదంటే...” అని, పిల్లలతో మాట్లాడే గొంతుతో, “డాక్టర్‌కు చూపిద్దాం. కౌంటర్ ముచ్చట తర్వాత,” అన్నాడు.

వారం తిరగకుండా చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి. “పాపం, నీలం తెల్లగ కనిపిస్తున్నదంట గదా?” అని ఒకరు. క్యారెట్టు తినమని ఇంకొకరు. చివరికి నాకే అనుమానం పట్టుకుంది. పొద్దున్నే మొదట ఆ పువ్వును చూసేదాన్ని, నిన్నటికంటే నీలంగా ఉందేమోనని. బతిమాలినట్టు చూసేదాన్ని.

ఒకరోజు నీళ్ళు పోస్తుంటే కుండీకి చుట్టిన గుడ్డ మీద చూపు పడింది. నెలల తరబడి అక్కడే ఉంది. నీలంగానే ఉంది, రెండు కళ్ళకీ. గుడ్డ నీలంగా కనబడి, దాని పైనున్న పువ్వు తెల్లగా కనబడితే తేడా కళ్ళలో లేనట్టే కదా! అప్పుడు వంగి, పాత కాడ కత్తిరించిన మోడును చూశాను. ఎండిన గాటు చుట్టూ నీలం వలయం ఉంది. నా వేళ్ళకంటిన నీలం గుర్తొచ్చింది. రంగు దిగింది గుడ్డది కాదు, పువ్వుది. ఆ రోజు అవి రెండూ అంత బాగా ఎందుకు కలిశాయో కూడా తెలిసింది. రెండూ అద్దకం నీళ్ళు తాగి వచ్చినవే. మా పుట్టింట్లో మూడు తరాలు చేసిన పనిని ఎవరో ఒక మొక్కకు చేస్తే, నేను దాన్ని నట్టెండలో నిలబెట్టి కూడా దేవుడి పనితనం అనుకున్నాను.

కుండీని ఒళ్ళో పెట్టుకుని మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగాను. ముందు ఆ పూలషాపుకే వెళ్ళాను. ఓనరు పువ్వును చూడగానే నవ్వాడు.

“నీలం తీస్కపోయిన్రు గదా అమ్మా? గది కాడలకు రంగెక్కిస్తరు. గా ఒక్కసారే నీలం. మళ్ళ పూస్తె తెలుపే. అసలుది గదే.”

“అమ్మేటప్పుడు చెప్పొద్దా?”

“అడిగితె చెప్తం,” అన్నాడు.

కుండీ తీసుకుని మా దుకాణంలోకి నడిచాను. మరిది గల్లాలో ఉన్నాడు. కుండీని అతని ముందు పెట్టాను. అతను పువ్వును చూశాడు, గుడ్డను చూశాడు. పూలషాపు అతను చెప్పింది చెప్పాను, థాను సంగతీ చెప్పాను.

“తెల్లగనే ఉన్నది,” అన్నాడు మెల్లగా. “నీ కండ్లు మంచిగనే ఉన్నయ్ వదినా.”

“మరి నా స్టూలు?”

అతను పువ్వు వైపు తిరిగి మాట్లాడాడు. “గిప్పుడు రంగు చూస్తందుకు బయటికి ఎవరు పోతున్నరు వదినా? గీ ఎండకు, గీ ట్రాఫిక్‌ల? లోపలనే లైట్లున్నయ్. కంప్యూటర్ నేర్చిన పిల్లలున్నరు. నువ్వు చేసినన్ని రోజులు చేసినవ్. ఇంక ఆరాంగ ఉండు.”

అప్పుడు చూశాను అద్దం పక్కకు. నాకు చూపించిన చోటే. నా స్టూలు అక్కడే ఉంది. దాని మీద కొత్త ఆర్కిడ్ కుండీ ఉంది, పొడుగాటి కాడ నిండా నీలం పూలతో. కౌంటరులో ఒకమ్మాయి తెల్ల లైటు కింద చీర మీద జాకెట్టు ముక్క పరిచి, “పర్ఫెక్ట్ మేడమ్!” అంటోంది. కుంకుమ రంగు చీర, ఇటుక రంగు ముక్క. కొనే ఆవిడ తలూపింది.

పిలుద్దామని నోరు తెరిచాను. గుమ్మం పది అడుగుల దూరంలో ఉంది, బయట మంచి ఎండ ఉంది. మరిది నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాను.

“గిది నువ్వు ఇంటికి తీస్కపో వదినా,” అని తెల్లపువ్వును నా వైపు జరిపాడు. “దుకాణంల నీలం ఉంటెనే బాగుంటది.”

కుండీకి చుట్టిన గుడ్డ ముడి విప్పి, మడతపెట్టి గల్లా మీద పెట్టాను.

“రంగు పోదు. అమ్ముకో,” అన్నాను.

తిరుగు మెట్రోలో రద్దీగా ఉంది. చేతిలో కుండీ చూసి ఒకమ్మాయి లేచి నిలబడింది. “కూర్చోండి ఆంటీ. అబ్బ, ఎంత తెల్లగా ఉందో!” అంది. అమీర్‌పేట ఒక్క స్టేషనే కదమ్మా, ఫరవాలేదు అనబోయి కూర్చున్నాను. ఆ రోజు నాకు ఎవరైనా చూపించిన సీటు అదొక్కటే.