జొన్నల కొట్టు ముందు వరుస

నిన్న ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మేనకోడలి పెళ్ళి ఫోటోల కోసం బస్టాండు దగ్గరి స్టూడియోకి వెళ్ళాను. కుర్రవాడు లోపలి గది తలుపు తెరవగానే ఫోటోలు కడిగే హైపో మందు వాసన వచ్చింది. మళ్ళీ వస్తానని చెప్పి బయటికి వచ్చేశాను. ఆ వాసన నాకు ఖాసిం సాహెబ్ గారిది. ఆయన పోయి రెండేళ్ళయింది. ఈ ఊరు ఆయనకు చేసింది తలచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం కంటే కోపమే ముందు వస్తుంది.

నరసరావుపేటలో ఆయన స్టూడియో మేడ మీది గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. హైస్కూల్లో సోషలు చెప్పేవాణ్ణి. యుద్ధం నాటి కంట్రోలు రోజుల్లో, జొన్నలు కూడా కార్డు మీద ఇచ్చిన కాలంలో, సాహెబ్ గారు పెట్టె కెమెరా మోసుకుని ఊరంతా తిరిగి గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీశారు. మిలిటరీలో చేరి రైలెక్కే కుర్రాళ్ళు, సరుకు లేని అంగళ్ళు, బియ్యం కోసం నిలబడ్డ జనం. అవి తీయమని ఆయన్ను ఎవరూ అడగలేదు. పదిహేనేళ్ళ తర్వాత, ప్రతి శుక్రవారం నమాజు కాగానే, వాటిలో ఒక చోటికి వెళ్ళి మళ్ళీ ఫోటో తీసేవారు. పాతదీ కొత్తదీ స్టూడియో ముందున్న అద్దాల పెట్టెలో పక్కపక్కన పెట్టేవారు. కింద ఒక్క మాట రాసేవారు కాదు.

ఒకసారి ఆయనతో వెళ్ళాను. పాత ఫోటో ఎడమచేత్తో పట్టుకుని, గోడ అంచూ మెట్టూ అందులో ఉన్నట్టే కనబడేదాకా వెనక్కి జరుగుతూ పోయి ఎద్దులబండికి తగిలారు.

“ఏంది సాయిబూ, నా ఎద్దులతో పెళ్ళి ఫోటో దిగుతావా?” అని బండివాడు అరిచాడు.

“నీకంటే అవే చక్కగా నిలబడతాయిలేరా,” అన్నారాయన.

“రెండడుగులు తేడా వస్తే ఏమవుతుందండీ?” అని అడిగాను.

“అది మా వీధి కాదంటారు పంతులూ. మెట్టుకు మెట్టు కలిస్తే ఇంక నోరు లేవదు.”

నోరు లేచింది. ఊళ్ళో పెద్ద షావుకారు పోయాక కొడుకు పాత జొన్నల కొట్టును సత్రంగా కట్టించాడు. గుమ్మం పక్కన, యుద్ధకాలంలో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన దాత అని తండ్రి పేరిట దుర్గి ఊరి నుంచి పిలిపించిన శిల్పుల చేత రాతిపలక చెక్కించాడు. ఆ శుక్రవారం సాహెబ్ గారు సత్రాన్ని ఫోటో తీసి, పక్కన కంట్రోలు రోజుల ఫోటో పెట్టారు. అందులో అదే నాపరాతి మెట్టు, అదే విరిగిన మూల. మూసిన తలుపుల ముందు ఆడవాళ్ళ వరుస. లాఠీతో జవాను. కిటికీ ఊచల వెనక పైకప్పు దాకా జొన్నల బస్తాలు.

మర్నాడు చిన్న షావుకారు నలుగురు పెద్దమనుషులతో వచ్చాడు. ఆ నలుగురిలో ఇద్దరి తల్లులు ఫోటోలోని వరుసలో ఉన్నారు.

“ఇది మన ఊరిది కాదు సాయిబూ, తీసెయ్,” అన్నాడు.

సాహెబ్ గారు రెండు ఫోటోల్లోనూ ఉన్న మెట్టు చూపించారు.

“మెట్లన్నీ ఒకటే. నువ్వు అద్దెకున్న ఈ కొట్టు ఎవరిదో గుర్తుందిగా?”

అప్పటికే జనం చేరారు. పక్క సందులో పిడకలు అమ్ముకునే కోటమ్మ ముందుకొచ్చి అద్దానికి ముఖం ఆనించి చూసింది. వరుసలో మొదటి మనిషి మీద వేలు పెట్టింది.

“ఇది నేనే. చంకలోది నా పెద్దపిల్ల. నూకలు గూడా ఇయ్యలా ఆ రోజు. మిలిటరీలో ఉన్న మొగుడికి తెలిత్తే కుంగిపోతాడని పిల్ల పోయిన సంగతి గూడా ఎవురికీ చెప్పుకోలా. ఊరిది కాదంటావేంది అబ్బాయా, నేను ఏ ఊరిదాన్ని?”

పెద్దమనుషుల్లో ఒకరు, “పోనీలే కోటమ్మా, పాత సంగతులు,” అన్నాడు.

“నీకు పాతవి,” అని ఆమె సాహెబ్ గారి వైపు తిరిగింది. “అన్నా, తీయమాక.”

ఆయన తీయలేదు. నెల తిరగకుండా స్టూడియో ఖాళీ చేయించారు. ఆయన చేత పెళ్ళి ఫోటోలు తీయించుకున్న ఇళ్ళలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. కొత్త సత్రం పెళ్ళికి దొరకదేమోనని భయం. సామాను బండికెక్కించే రోజు ఆయన ఆ ఫోటోను అద్దాల పెట్టెలోంచి తీసి కోటమ్మకు ఇచ్చారు. ఆ పిల్ల రూపం ఆమెకు అదొక్కటే.

తర్వాత ఇంటి వరండాలో కూర్చుని చిన్న చిన్న పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ బతికారు. ఆయన పోయాక గాజు ప్లేట్లు చూద్దామని వెళ్ళాను. పటాలు కట్టే దుకాణానికి అమ్మేశామని అల్లుడు చెప్పాడు. సోడా నీళ్ళలో నానబెట్టి గీకితే బొమ్మ పోయి మంచి గాజు మిగులుతుందట. ఊరికి అక్కరలేని వాటిని అతనొక్కడే ఎక్కడ దాచుకుంటాడు?

నేను ఇప్పటికీ ఏడో తరగతి పిల్లల్ని ఏటా ఆ పలక దగ్గరికి తీసుకెళ్ళి చదివిస్తాను. చదివాక, పలక చెక్కకముందు ఈ మెట్టు మీద ఎవరు నిలబడ్డారో మీ అవ్వల్ని అడిగి రండి అంటాను. కొందరు అడిగి వస్తారు. హెడ్మాస్టరు రెండుసార్లు వద్దన్నారు.

సత్రంలో పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. ఈ ఊళ్ళో పాత ఫోటో పక్కన కొత్త ఫోటో ఇప్పుడెవరూ పెట్టడం లేదు.