వంట చేసే వైపు నీడ లేదు: సొంతంగా కట్టిన ట్రెయిలరుతో ముత్లా దగ్గర ఒక శుక్రవారం

మా అమ్మ కువైట్‌లో, జహ్రాలో ఒకే ఇంట్లో పదహారేళ్ళు పనిచేసింది. చలికాలం వస్తే ఆ ఇంటివాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. ఇక్కడ దాన్ని బర్ అంటారు. వాళ్ళతో పాటు అమ్మా వెళ్ళేది. నేను రాయచోటి దగ్గర అవ్వ ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో అమ్మ నా ఫోనుకి బర్ ఫోటోలు పంపేది. మంట, ఎర్ర తివాచీలు, దీపాల తోరణాలు, ఇసుక బైకుల మీద పిల్లలు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే కాబట్టి అమ్మ పంపిన ప్రతిదాన్నీ పాఠంలా చూసేదాన్ని. ఒక్క ఫోటోలోనూ అమ్మ ఉండేది కాదు. డిగ్రీ అయ్యాక నేనూ ఇక్కడే ఆఫీసు ఉద్యోగంలో చేరాను. బర్ ఎలా ఉంటుందని ఒకరోజు అమ్మను అడిగాను. "ఏముంటాది పాపా. గిన్నెలు తోమినా ఇసకే, తోమకున్నా ఇసకే" అంది.

ఈ చలికాలంతో అమ్మ ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ముగించుకుని ఇంటికి వెళ్ళిపోతోంది. పదహారు చలికాలాలు ఎడారిలో ఉండి ఒక్క పూట కూడా అక్కడ కూర్చోకుండా వెళ్ళిపోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. వెళ్ళేలోపు ఒక్క శుక్రవారం తన కోసమే తను బర్‌కి రావాలని పట్టుబట్టాను.

రిగ్గైలో నేను ఉండేది మా చిన్నాయన రమణ ఇంట్లోనే. ఆయన వెల్డర్. షోరూములో క్యాంపింగ్ ట్రెయిలరు ధర చూసి ఇద్దరం బయటికి వచ్చేశాం. మెట్లు దిగుతూ ఆయనే అన్నాడు, "నాలుగు రేకులూ రెండు టైర్లూ కదా పాపా. మనమే కట్టుకుందాం పా." ట్రెయిలరుకు కాగితాలు లేకపోతే రోడ్డు మీదే ఆపేస్తారు. అందుకని కాగితాలు సరిగ్గా ఉన్న పాత నీళ్ళ ట్యాంకు ట్రెయిలరు కొని, ట్యాంకు తీసేసి, చట్రం మాత్రం ఉంచుకున్నాం. కింద స్ప్రింగు పట్టీలు మార్చి, ఇసుకలో దిగబడకుండా వెడల్పు టైర్లు వేశాం. పైన ఇనుప గొట్టాలతో పెట్టె కట్టి అల్యూమినియం రేకులు బిగించాం. లోపల పరుపు, ఒక పక్కన నీడగుడ్డ తగిలించే కొక్కేలు, ఇంకో పక్కన కిందికి వాలే తలుపు. ఆ తలుపే వంటబల్ల. దాని పక్కన గ్యాసు పొయ్యి, బయటికి తిరిగే ఇనుప చేతి మీద బొగ్గుల పళ్ళెం. అన్నీ కలిపి మూడు వందల దినార్లు దాటింది. చివర్లో మార్పులకు మళ్ళీ తనిఖీ చేయించాం. ఆ పని ఎగ్గొట్టకండి.

షువైఖ్‌లో చిన్నాయన పనిచేసే వర్క్‌షాపులోనే, సెలవు రోజున ఈ పని చేసుకునేవాళ్ళం. దారిన పోయే ప్రతివాడూ ఆగి, ఇది ఏ కువైటీ ఆర్డరని అడిగేవాడు. మాదే అంటే నవ్వి, నిజం చెప్పమనేవాడు. ఒకరిద్దరికి ఓపిగ్గా చెప్పాను. తర్వాత నాకు ఒళ్ళు మండింది. ఇనుము మాది, చెయ్యి మాది. మేం చేసిన వస్తువు మాదని ఎందుకు నమ్మరు?

ఆ శుక్రవారం ఆరింటికి రిగ్గై నుంచి చిన్నాయన జీపుకి ట్రెయిలరు తగిలించుకుని బయలుదేరాం. ఆరో రింగ్ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్ళినా అరగంటలో జహ్రా వచ్చేసింది. అమ్మ గేటు దగ్గర లేదు. వాళ్ళ ఇంటికి పొద్దున్నే చుట్టాలు వచ్చారట. నాస్తా గిన్నెలు అయ్యాక వెళ్ళమన్నారట. వారానికి ఒక రోజు సెలవు చట్టంలోనే ఉంది. మా అమ్మ ఈ ఒక్క రోజు కోసం మూడుసార్లు అడిగింది. ఎనిమిది దాటాక తలుపు తెరుచుకుంది. అమ్మ వెనకే ఆ ఇంటి యజమానురాలు, అమ్మ 'మామా' అని పిలిచే ఆవిడ కూడా వచ్చి, ట్రెయిలరు వైపు చూసి, నన్ను అరబీలో అడిగింది. "బర్‌కా? ఏటా మాతో వస్తూనే ఉందిగా. ఇంకా చూడ్డానికి ఏముంది?"

ఆమె కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. అదే నన్ను ఎక్కువ గుచ్చింది. నేను నోరు తెరిచేలోపు అమ్మ నా చెయ్యి గిల్లి జీపు ఎక్కించింది.

జహ్రా నుంచి ఉత్తరంగా ముత్లా మెరక ఎక్కి దిగితే, రోడ్డుకి రెండు పక్కలా గుడారాలు మొదలవుతాయి. తారు రోడ్డు దిగే ముందు, ఇసుకలో కూరుకుపోకుండా టైర్లలో గాలి సగానికి సగం తగ్గించాం. పాత యుద్ధపు మందుపాతరలు ఇంకా ఎక్కడైనా ఉండొచ్చంటారు కాబట్టి, ముందు వెళ్ళిన బండ్ల జాడ వదలకుండా నడిపాం. ఒక పెద్ద క్యాంపుకి కాస్త దూరంలో గట్టి నేల చూసి ఆగాం. నీడగుడ్డ కట్టి చాప పరిచేలోగా ఆ క్యాంపు వంటమనిషి ఉప్పు కోసం వచ్చాడు. గోదావరి వైపు మనిషి.

"మీవాళ్ళు ఎప్పుడొస్తారండీ? సర్దడానికి ముందొచ్చేశారా?"

"ఎవురూ రారు. మేమే" అన్నాడు చిన్నాయన.

"మీరేనండీ, అదే, బండి ఎవరిదని?"

"నాదే."

"మీకు వీసా ఇచ్చిన కఫీల్‌ది కాదాండీ?"

"మా కఫీల్‌కి వెల్డింగు రాదులేన్నా."

అతను పడీపడీ నవ్వి ఉప్పు తీసుకుని వెళ్ళాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మన మనిషికి కూడా మేం కూర్చోడానికి వచ్చామన్న ఊహే రాలేదు.

వెనక్కి తిరిగి చూస్తే అమ్మ లేదు. ట్రెయిలరు అవతల తలుపు వాలిన చప్పుడు వినబడింది. సంగటికి ఎసరు పెట్టేసింది. కోడి ముక్కలు బొగ్గుల మీదికి ఎక్కాయి. చాప మీద కూర్చుని ఎంతసేపు పిలిచినా అవతల్నుంచి "ఆఁ, వస్తాండా" అని గొంతు వస్తోంది, మనిషి రావడం లేదు. లేచి అటు వెళ్ళాను. అమ్మ ఎండలో నిలబడి ఉంది. ఆమె ముందు టైరు జాడలూ, ఎవరో పారేసిన నీళ్ళ సీసాలూ. మెరకా, గుడారాలూ, దూరంగా నడిచిపోతున్న ఒంటెలూ అన్నీ మేం కూర్చున్న వైపే ఉన్నాయి.

"చిన్నాయనా, పొయ్యి ఈ పక్క ఎందుకు పెట్టినావు?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. "యాడ పెడ్తారు మరి? యా క్యాంపులో చూసినా వంట ఎనకపక్కే కదా. మీయమ్మనే ఫోన్లో అడిగి పెడ్తిని."

"నేనే చెప్తి" అంది అమ్మ, తెడ్డు ఆపకుండా. "పొగ వాళ్ళ మీదికి పోగూడదు. గిన్నెలు వాళ్ళకి కనపడగూడదు."

"వాళ్ళెవరు మా?"

అమ్మ తెడ్డు ఆగింది. చిన్నాయన ఖాళీ చాప వైపు చూశాడు. వాళ్ళెవరూ లేరు. నెలల తరబడి సొంత ఇనుముతో, సొంత చేతులతో, పనిమనిషి ఎవరికీ కనబడకుండా ఉండే బండి కట్టుకున్నాం. అందులో పనిమనిషి మా అమ్మే. బండికి కొలతలు గీసినప్పుడు పక్కనే ఉన్న నాకు, చదువుకున్న నాకు కూడా తోచలేదు.

చిన్నాయన నీడగుడ్డ విప్పి ఇటువైపు కట్టబోయాడు. కొక్కేలు ఆ పక్కే ఉన్నాయి. గుడ్డని చుట్ట చుట్టి పక్కన పడేసి, చాప ఎత్తుకొచ్చి పొయ్యి ముందే పరిచాడు. పొగ నేరుగా మా మొహాల్లోకి వచ్చింది. ఆయన దగ్గీ దగ్గీ కళ్ళు తుడుచుకుంటుంటే అమ్మ నవ్వింది. "అందుకే చెప్పింటి కదరా ఎనకపక్క పెట్టమని. బాగయిందా?"

"బాగుండాదిలే వదినా. ఆ తెడ్డు ఇట్లియ్యి. జీపు ఆ మూలకి తిప్పుతా, దాని నీడలో నువ్వు కూసో, ఎండ తగలదు."

"నీకు సంగటి గెలకడం వస్తాదా? గడ్డలు కడ్తాది."

"కట్నీ. తింటాం."

జీపు నీడలో అమ్మ కూర్చుంది. మొదట చాప అంచున, లేవడానికి సిద్ధంగా కూర్చుంది. కాసేపటికి కాళ్ళు చాపుకుంది. సంగటి గడ్డలు కట్టింది. అందరం తిన్నాం. ఉప్పు డబ్బా తిరిగివ్వడానికి వచ్చిన వంటమనిషిని కూర్చోమంటే, "కూర్చుంటే పిలుస్తారండీ" అని ఒక ముక్క నిలబడే తిన్నాడు. అది తినేలోపే అటువైపు నుంచి కేక వినబడింది.

ఐదు కాకముందే పొద్దు వాలింది. ట్రెయిలరు అడ్డం లేదు కాబట్టి, జీపు పక్క నుంచి మెరక మొత్తం ఎర్రబడడం అమ్మ చూసింది. నేను ఫోటో తీశాను. పొగకు అమ్మ కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. ఇంకోటి తీస్తానంటే వద్దంది. "ఇదే ఉండనీ, ఇందులో నేనుండాను కదా."

అమ్మ ఊరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి వారమే చిన్నాయన కొక్కేలు కోసి, వంటబల్ల ఉన్న వైపుకి మళ్ళీ వెల్డింగ్ చేశాడు. ఇప్పుడు పొయ్యి దగ్గర నీడ ఉంది. ఆమె మాత్రం లేదు. ఈ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు ఇంకా తేలలేదు. గేటు దగ్గర అలా అడిగిన ఆవిడ మీద కొంత ఉంది. కానీ మా బండికి కొలతలు ఇచ్చింది ఆవిడ కాదు. ఆవిడ అలవాటును మేమే మోసుకొచ్చి మా ఇనుములో అతికించుకున్నాం. విప్పడం కష్టమైంది అందుకే.

మీరూ ట్రెయిలరు కట్టుకోవాలనుకుంటే ఒక్క మాట. వెల్డింగు మొదలుపెట్టే ముందు సుద్దముక్కతో నేల మీద కొలతలు గీసి, మీ ఇంట్లో వంట చేసే మనిషిని పొయ్యి దగ్గర నిలబెట్టి, అక్కడి నుంచి ఏం కనబడుతుందో అడగండి. ఏం కనబడకపోయినా నాకు పర్వాలేదని ఆమె అంటుంది. ఆ మాట వినకండి.