ఆ సినిమాలో లేని మాట

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటినుంచీ వెటకారమే. పెళ్లికి ముందు ఇంగ్లీషు టీచరుగా పనిచేశాను. స్కూలు వెనక బాత్రూముల్లో ఎవరో ఏడుస్తున్నారని పిల్లలు వణికిపోతుంటే, వెంటబెట్టుకుని వెళ్లి కారుతున్న కుళాయి చూపించిన మనిషిని. ఇదీ అలాంటి కుళాయేనేమో అని ఏడాదిగా వెతుకుతున్నాను. దొరకలేదు.

మాది భీమవరం దగ్గర పల్లె. రెండేళ్ల కిందట నెల్లూరు జిల్లా కోట అనే ఊరికి కోడలిగా వచ్చాను. మా ఆయనకిది రెండో పెళ్లి. మొదటి భార్య సుగుణ అంతకు ఏడాది ముందు ఓ వానరోజు రొయ్యల గుంట గట్టు మీద కరెంటు వైరు తగిలి చనిపోయింది. మా వైపు చెరువులంటాం, ఇక్కడ గుంటలంటారు. పనివాళ్లే గట్టెక్కడానికి భయపడిన ఆ వానలో ఆవిడ అక్కడికి ఎందుకు వెళ్లిందో ఇంట్లో ఎవరికీ అంతుబట్టలేదు.

సుగుణ కూతురు నవ్యకి తల్లి పోయేనాటికి ఆరేళ్లు. నేను వచ్చాక ఆ పిల్ల అన్నం పెడితే తినేది, జడ వేస్తే వేయించుకునేది, అంతే. పలకరిస్తే తల దించుకునేది. పిల్ల చిక్కిపోతోందని, బడులు తెరిచేలోపు తీసుకెళ్లిపోతానని బుచ్చిరెడ్డిపాలెం నుంచి వాళ్ల అమ్మమ్మ కబురు పెట్టింది. మా ఆయన సరేనన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. కన్నతల్లిని కాను, వద్దనడానికి నాకేం హక్కుంది?

ఇంటి పెత్తనం మా ఆయన అక్క రమణమ్మ వదినది. నోరు పెద్దది. మనసూ పెద్దదేగానీ అది కనబడటానికి కొంత కాలం పడుతుంది. నా యాసంటే ఆవిడకి వేళాకోళం. నేను "వెళ్లాను" అంటే చాలు, "మేం పోయినాం, నువ్వు వెళ్లావా" అని నవ్వేది. నేనూ తక్కువ తిన్లేదు. ఒక్క ముక్క కూడా మార్చుకోలేదు.

ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం టీవీలో పాత నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా వస్తోంది. ఏదో నవల నుంచి తీసిందట. సముద్రం పక్కన పెద్ద బంగళా, భార్య పోయిన దొర, బెదురుతూ అడుగుపెట్టిన రెండో పెళ్లాం, పోయినావిడ గదిని గుడిలా చూసుకునే పనిమనిషి. వదినకి ఇంగ్లీషు రాదు కాబట్టి, వాళ్లు ఒక్కో మాట అంటుంటే నేను తెలుగులో చెప్తూ పోవాలి. మా ఇంట్లో అదే పద్ధతి. వదిన చింతపండు గింజలు తీస్తూ వింటోంది. నవ్య గోడవార బొమ్మలు వేసుకుంటోంది. నల్లగౌను పనిమనిషిని చూసి వదిన, "ఈమె అచ్చం నా మాదిరే ఉండాదే" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

కాసేపటికి, మొదటి భార్య ఎలా చనిపోయిందో ఆ దొర రెండో భార్యకి చెప్పే ఘట్టం వచ్చింది. నేను తెర మీద అతని పెదాలే చూస్తూ చెప్తున్నాను. ఆ వరసలోనే ఇలా అన్నాను:

"పెన్సిళ్ల డబ్బా గట్టు మీద మర్చిపోయి ఏడస్తా ఉంటివి. నువ్వు పంపిస్తే పోలేదు పాపా, నేనే పోయినాను."

వదిన చెయ్యి ఆగిపోయింది. "ఏమంటివి?" అని అడిగింది.

సినిమాలో అలాగే అన్నారని చెప్పబోయాను. దొరలకి పెన్సిళ్ల డబ్బా ఏమిటి? గట్టేమిటి? పైగా "పోయినాను" అన్న మాట జన్మలో నా నోట రాలేదు. భయమేసింది, మామూలు భయం కాదు.

నవ్య లేచి నిలబడింది. "నేనే తెమ్మన్నా. నేనడగబట్టే అమ్మ చచ్చిపోయింది. ఎవురికీ చెప్పలేదు నేను" అంటూ వచ్చి నా ఒళ్లో పడింది. రెండేళ్లు ఆ పసిది ఆ మాట కడుపులో దాచుకుంది. వదినా నేనూ పిల్లని పట్టుకుని ఏడ్చాం. టీవీ అలా మోగుతూనే ఉంది.

సాయంత్రం మా ఆయనకి చెప్తే ఒక సంగతి బయటపెట్టాడు. సుగుణని పైకి లేపినప్పుడు ఆవిడ కొంగున పెన్సిళ్ల డబ్బా ముడేసి ఉందట. ఎందుకో అర్థంకాక మోటారు షెడ్డులో ఓ మూల పెట్టేశాడు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదన్నాడు. నిద్రలో ఏమైనా కలవరించి ఉంటాడా, నేను విని ఉంటానా అని కూడా ఆలోచించాను. కానీ పిల్ల ఏడ్చిందనీ, ఆ డబ్బా కోసమే సుగుణ వెళ్లిందనీ ఆయనకీ తెలియదు కదా.

ఆ సినిమాని ఫోన్లో వెతికి, ఆ ఘట్టం నాలుగుసార్లు చూశాను. దొర పడవ గురించి మాట్లాడతాడు. వేరే ఏమీ లేదు.

జూన్‌లో అమ్మమ్మ వచ్చింది. నవ్య నా కొంగు వదల్లేదు. పెద్దావిడ కళ్లు తుడుచుకుని ఒక్కతే బస్సెక్కింది. పిల్ల నాకు దక్కింది. ఎలా దక్కిందో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.

మొన్నామధ్య నవ్య ఆ సినిమా మళ్లీ పెట్టమంది. నా పక్కనే కూర్చుంది. తెర వంక ఒక్కసారీ చూడలేదు, నా నోటి వంకే చూసింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ పోయాను. అయిపోయాక అడిగింది.

"అమ్మ ఇంకేం చెప్పలేదా?"

లేదన్నాను.