పదకొండు నల్లచుక్కలు

ఆ కర్మాగారంలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆవిడ సూదికళ్ళ అక్క. పంతొమ్మిదేళ్ళుగా దుమ్ము చొరబడని తెల్లగదిలో, తలకి టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని, మైక్రోస్కోపు కింద వెంట్రుకకన్నా సన్నటి బంగారు తీగలు అతుకుతోంది. అవన్నీ యుద్ధవిమానం ముక్కులో కూర్చునే రాడార్‌లోకి పోతాయి. పాతకాలం రాడార్‌కి గిరగిరా తిరిగే పళ్ళెం ఉండేది. దీనికి తిరగడమూ లేదు, ఊగడమూ లేదు. బొటనవేలంత ముక్కలు వెయ్యికి పైగా బారులు తీరి కూర్చుని, ఒకటి కాస్త ముందూ ఒకటి కాస్త వెనకా తరంగాలు వదులుతాయి. ఆ తేడాతోనే రాడార్ చూపు కావలసిన వైపు తిరుగుతుంది. విమానమేమో ఎదుటివాడి రాడార్‌కి ఓ పట్టాన చిక్కదు, తను మాత్రం అందరినీ చూస్తుంది. కిటికీ తెర చాటున కూర్చుని వీధంతా కనిపెట్టే ముసలమ్మ లాంటిదని చెప్పి అక్క తన వదినని నవ్వించేది.

వదిన అంటే పోయిన అన్న భార్య. రెండు గదుల ఇంట్లో ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటూ హాయిగానే ఉండేవారు. ఆర్నెల్ల కింద ఒక ఆదివారం దిండు గలీబు కుట్టబోయి అక్క సూదిలో దారం ఎక్కించలేకపోయింది. నాలుగుసార్లు కొస తడిచేసింది.

"బంగారం అతికే మహాతల్లికి సూది బెజ్జం కనపడట్లేదా?" అంది వదిన. దారం ఎక్కించి ఇస్తూ ఆవిడ ముఖం చూసి నవ్వు ఆపేసింది.

అక్క కుడికంటి చూపు నడిమధ్య మచ్చ పడింది. ఎటు చూస్తే అటే వస్తుంది. పోయిన చూపు ఇక రాదని, ఎడమకన్నూ ఇదే దారి పడుతుందని కళ్ళ డాక్టరు చెప్పాడు. అక్కకి ఏడుపు రాలేదు, భయం వేసింది. తెల్లగదిలో ఆ కుర్చీ తప్ప తనదని చెప్పుకోడానికి ఆవిడకి లోకంలో మరొకటి లేదు. కర్మాగారం ఏటా పెట్టే కంటిపరీక్షని అక్షరాల పట్టిక బట్టీపట్టి గట్టెక్కింది. బడిలో రెండో ఎక్కం సరిగ్గా అప్పజెప్పని మనిషి ఆవిడ.

ఒంటికంటికి లోతు అందదు. కొన్ని అతుకులు వెంట్రుకవాసి పక్కన పడుతున్నాయని ఆవిడ చేతికి తెలుస్తూనే ఉంది. అలాంటివి మొదటి పరీక్షలో బాగానే పనిచేస్తాయి, వేడీ కుదుపూ తగిలాక ఊడతాయి. అది గుర్తొచ్చినప్పుడల్లా అన్నం సహించేది కాదు. నెలరోజులుగా ఎడమకంట్లోనూ పొగ మొదలైంది.

కర్మాగారంలో చెప్పేస్తానని అక్క అంటే, "నిన్నెవరూ అడగలేదుగా, నోరు మూసుకో," అంది వదిన. "అడిగినప్పుడు చూద్దాం."

"అడిగేలోపు విమానం కూలితే? అందులో ఉండేవాడూ ఒక తల్లి బిడ్డే కదా వదినా."

మర్నాడు పొద్దున్నే అక్క పరీక్షగది ఇంజనీరు దగ్గరికి వెళ్ళి, కంటి సంగతీ అతుకుల సంగతీ దాచకుండా చెప్పేసింది. అతను చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. సాంతం విని, లేచి తలుపు మూశాడు.

"మాకు తెలుసక్కా. నాలుగు నెలలుగా తెలుసు," అన్నాడు. "కుదుపు పరీక్షలో పదకొండు ముక్కలు పోయాయి. అన్నీ మీ బల్ల నుంచి వచ్చినవే."

"మరి ఆ ముక్కల్ని తీసెయ్యలేదే?"

"తీయక్కర్లేదు. నూటికి నాలుగైదు చచ్చినా పక్కవి సర్దుకుంటాయి. ఈ రాడార్‌ని చేసిందే ఆ లెక్కతో."

విమానంలో వాడికి ముప్పు లేదని అక్క గుండె కుదుటపడింది. మరుక్షణమే చివుక్కుమంది. ఒక్క అతుకు తప్పితే ఆకాశం కూలుతుందనుకుని పంతొమ్మిదేళ్ళు కళ్ళలో వత్తులు వేసుకుని పనిచేసిన మనిషి మరి.

అతను కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. "ఇవిగో, పచ్చచుక్కల మధ్య నల్లగా కనపడుతున్నవి."

అక్క వంగి చూసింది. ఎక్కడ చూస్తే అక్కడ నలుపే. ఏది తెర మీదిదో, ఏది తన కంటిలోదో తేలలేదు. అయినా తల ఊపింది.

"ఇక వెళ్ళి పని చూసుకోనా?" అంది.

అతను తల వంచుకున్నాడు. "మీరు చెప్పకపోయుంటే బావుండేదక్కా. లెక్క దాటలేదు కాబట్టి ఎవరం ఏమీ రాయలేదు. ఇప్పుడు మీ నోటితోనే విన్నాను. విని కూడా కూర్చోబెట్టానంటే రేపు నా మీదకొస్తుంది. రాయక తప్పదు."

పని నుంచి తప్పించే కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో అతనే వేలుపెట్టి చూపించాడు. నిజం చెబితే మేలు జరుగుతుందని చిన్నప్పుడు ఆవిడకి ఎవరో నూరిపోసి ఉంటారు. వాళ్ళని ఇప్పుడు పట్టుకుని అడగాలి.

మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరిన ఆడపడుచుని చూసి వదిన వంటింట్లోకి వెళ్ళింది. మంచినీళ్ళ గ్లాసు అందించి పక్కన కూర్చుంది.

"చెప్పకపోతే ఏమయ్యేదే?"

"ఏమీ అయ్యేది కాదు వదినా," అంది అక్క.