ముప్పై బ్యాగులు, ఒకే రంగు

మా చర్చి సంఘంలో నేను కాక ఆడవాళ్ళు ముప్పైమంది ఉన్నారు. కోట అనే చిన్న పట్నానికి తూర్పుగా, రొయ్యల గుంటల మధ్య ఊరు మాది. క్రిస్మస్‌కు అందరం ఒకే చీర కడతాం. స్త్రీల సభలకు పోతే జడకు పెట్టుకునే క్లిప్పు కూడా ఒకటే రకం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఒకరి చీరకు అంచు అర అంగుళం వెడల్పుగా ఉంటే చాలు, ఏడాది పొడుగునా ఆ అంచు గురించి మాటలు నడుస్తాయి. అందుకని ఏది తెచ్చినా ముప్పై తేవాలి. ముప్పైయీ ఒకటే కావాలి.

నేను అప్పటికి చాలా ఏళ్ళుగా ఊళ్ళు తిరిగి నైటీలు అమ్ముతున్నాను. సరుకు కోసం నాయుడుపేటకు పోయేదాన్ని. అక్కడ పరిచయమైన ఒక అక్క నన్ను బ్యాంకాకు వ్యాపారంలోకి దింపింది. ఆమె నెలకొకసారి మద్రాసులో విమానం ఎక్కుతుంది. బ్యాంకాకు టోకు బజార్లలో బ్యాగులు, కమ్మలు, చిన్నపిల్లల గౌన్లు చవగ్గా కొని తెచ్చి ఇక్కడి అంగళ్ళకు వేస్తుంది. నాలాంటి ముగ్గురిని వెంట తీసుకుపోతుంది. ఎవరి సరుకు వాళ్ళది, ఎవరి లాభం వాళ్ళది.

మొదటిసారి బయలుదేరేటప్పుడే ఆమె మాకు గట్టిగా చెప్పింది.

"ఒక రకం ఒకటే కొనండి. మించితే రెండు. పెట్టె తెరిస్తే ఇంట్లో ఆడబిడ్డలకు తెచ్చుకున్నట్టుండాల. అంగడి దులుపుకొచ్చినట్టు ఉండకూడదు. ఇంకోటి, కస్టమ్సోళ్ళు ఒకరిని ఆపితే తక్కినోళ్ళు ఎనక్కి తిరిగి చూడొద్దు. ఎవరికి వాళ్ళే. ఇంటున్నారా మే?"

విన్నాం. మొదటి ప్రయాణంలో అట్లాగే చేశాను. ఏ ఇబ్బందీ రాలేదు. ఆ తడవ నాకోసం మీగడరంగు హ్యాండుబ్యాగు ఒకటి తెచ్చుకుని ఆదివారం గుడికి తగిలించుకుపోయాను. ఆరాధన అయ్యి ఇళ్ళకు పోయేలోపల అది వరండాలో ఇరవై చేతులు మారింది.

"మాకూ ఇట్టాంటిది తెచ్చిపెట్టు అక్కా."

"ఇట్టాంటిది కాదు మే, ఇదే. ఇదే రంగు."

"నలుపు, ఎరుపు కలిపి తెస్తాను" అన్నాను. పక్కింటామె నవ్వింది. "నలుపు ఎవరికి ఇస్తావు? నాకైతే వద్దు. సభల్లో అందరూ తెల్లగా ఉంటే నేనొక్కదాన్నే కాకిమాదిరి కూర్చోవాల్నా?"

ఎవరికీ నలుపు వద్దు. ఎరుపూ వద్దు. సభలు ఇంకో నెలలో ఉన్నాయి. నేను సరే అన్నాను. ఇంటికి వచ్చి అన్నం కలుపుకున్నాక గానీ నాకు అక్క మాట గుర్తుకు రాలేదు.

బ్యాంకాకులో అక్క వేరే వరసలో బేరమాడుతుండగా నేను ఆ ముప్పై కొన్నాను. ఆమెకు చెప్పలేదు. హోటలు గదిలో తక్కిన ఇద్దరూ స్నానాలకు పోయినప్పుడు బ్యాగులను ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టెలో సర్దాను. అక్కడే ఇంకో పని కూడా చేశాను. ఆ పనే నన్ను పట్టించింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట. మా పాస్టరమ్మగారు మధ్యాహ్నాలు గుడి వరండాలో కూర్చోబెట్టి నేర్పారు. అప్పటికి నాకు రాయడం వచ్చి ఏడాది కూడా కాలేదు. ఏ కాగితం కనపడినా దాని మీద ఏదో ఒకటి రాయాలనిపించేది. ముప్పైమంది పేర్లూ ముప్పై చీటీల మీద రాశాను. కొందరు సగం డబ్బు ముందే ఇచ్చారు, కొందరు బ్యాగు చూశాకే ఇస్తామన్నారు. మర్చిపోకుండా ఒక్కొక్కరి పేరు కింద ఎంత రావాలో అది కూడా వేసి, ఒక్కో బ్యాగులో ఒక్కో చీటీ పెట్టాను. గుణింతం తప్పు పోయిన రెండు చీటీలు చించి మళ్ళీ రాశాను కూడా.

విమానంలో ఏమీ తినలేకపోయాను. బాత్రూముకు మూడుసార్లు పోయాను. మూడోసారి అక్క అనుమానంగా చూసింది.

"ఏందే అట్టున్నావు?"

"కడుపులో బాలేదక్కా."

"పెట్టెలో ఏం పెట్టినావు?"

"నువ్వు చెప్పినట్టే పెట్టినాను."

అక్క తన సీటుబెల్టు పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

మధ్యాహ్నం మద్రాసులో దిగాం. పెట్టెలు బెల్టు మీద తిరిగి వచ్చాయి. నా పెట్టె అందరి పెట్టెల కన్నా పెద్దదిగా, ఉబ్బినట్టుగా కనిపించింది. అది నా భయమో నిజమో ఇప్పటికీ తెలియదు. బయటికి పోయే దారిలో పెట్టెలను స్కానింగు మిషన్లో వేయమన్నారు. అక్క పెట్టె పోయింది. ఇంకో ఇద్దరివీ పోయాయి. నాది లోపలికి పోయి అక్కడే ఆగింది. తెర ముందు కూర్చున్నతను వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. బ్యాగుల ఇనుప గొళ్ళేలన్నీ బడిపిల్లల్లా వరసగా నిలబడి కనిపించి ఉంటాయి.

ఒక ఆఫీసరమ్మ నన్ను పక్కకు రమ్మంది. అరవావిడ. మా వైపు తెలుగు కొంచెం వచ్చు.

"తెరువమ్మా."

తెరిచాను. ఆమె ఒక బ్యాగు తీసింది. దానిలోంచి ఇంకోటి, దానిలోంచి ఇంకోటి.

"అన్నీ ఒకటే మాదిరి ఉందే. అంగడి పెడతావా?"

"లేదమ్మా. చుట్టాలకు."

అక్క నాకు నేర్పిన మాట అది. ఆమె ఒక బ్యాగులోంచి చీటీ తీసి చూపించింది.

"ఇది ఎవరు?"

చదివాను. "మా పెద్దమ్మ కూతురు."

"ఇది?"

"మా మేనత్త."

"ఇది?"

"మా... చిన్నాయన కోడలు."

నాలుగో చీటీకి నాకు చుట్టాలు అయిపోయారు. అయినా లోపల ఎక్కడో కొంచెం ధైర్యం ఉంది. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఏ పేరుకు ఏ వరస చెప్పినా చెల్లుతుంది. ఆమె నా మేనత్త చీటీ మళ్ళీ తీసి, కింద వేసిన అంకె మీద వేలు పెట్టింది.

"నీ మేనత్త నీకు ఎనిమిది వందలు ఇస్తుందా?"

అంకెలు ఆమెకూ వచ్చు. ఎవరికైనా వచ్చు. ఆ సంగతి నాకు తట్టలేదు. అంకెలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాటిని నేనెప్పుడూ చదువు కింద వేసుకోలేదు. నా భయమూ, నా గొప్పా అంతా కొత్తగా వచ్చిన అక్షరాల చుట్టూనే తిరుగుతున్నాయి.

తలెత్తి చూశాను. అక్క తలుపు దాటుతోంది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె తప్పు లేదు, ముందే చెప్పింది. అయినా ఆ వీపు చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు నిజం చెప్పేశాను. మా సంఘం గురించి, సభల గురించి, ఎవరికీ నలుపు వద్దన్న సంగతి కూడా చెప్పాను. ఆఫీసరమ్మకు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో నేను పోల్చుకోలేకపోయాను.

"రంగు రంగుగా తెచ్చుంటే నేను అడగనే అడగను" అంది. ఆ తర్వాత తన పని తాను చేసింది. సొంతానికి అనుకుని పది బ్యాగులు ఊరికే తీసుకుపోవచ్చు. తక్కిన ఇరవైకీ సుంకం, దానిమీద జరిమానా కట్టాలి. కట్టలేకపోతే ఇక్కడ వదిలేసి రసీదు కాగితం తీసుకుపోవాలి.

సుంకం కడితే ఈ ప్రయాణంలో నాకు మిగిలేది ఏమీ ఉండదు. పైగా చేతినుంచి పడుతుంది. పది తీసుకుపోతే నష్టం తక్కువే. అక్కడే నిలబడి ఆ పది ఎవరికి ఇవ్వాలా అని ఆలోచించాను. పాస్టరమ్మగారికి ఇవ్వాలి. పక్కింటామెకు ఇవ్వకపోతే గోడ మీదుగా మాట ఉండదు. ఆమెకు ఇస్తే ఆమె తోడికోడలికి ఇవ్వాలి. ఎన్నిసార్లు ఏరుకున్నా పదిమంది దగ్గర ఆగలేదు. పదిమందికి బ్యాగులుండి ఇరవైమందికి లేని సంఘంలోకి నేను ఏ మొహంతో పోవాలి? మళ్ళీ ఆ గుమ్మాల్లో నైటీల మూట దించగలనా?

జాకెట్లో దాచుకున్నదంతా తీసి కట్టాను.

బయట బండ్లు నిలిపే చోట అక్క వాళ్ళు ఎదురు చూస్తున్నారు. నా కోసం రెండు గంటలు నిలబడ్డారు. అక్క మొదటగా అడిగిన మాట ఇది.

"నా పేరు చెప్పినావా?"

"లేదక్కా."

ఊపిరి వదిలి, నా చేతిలోంచి పెట్టె తీసుకుని తనే వ్యానులో పెట్టింది. నాయుడుపేట దాకా తిడుతూనే ఉంది. "ముప్పై! ముప్పై పెడతారా ఎవురన్నా? నీకు మతి ఉందా?" సూళ్ళూరుపేటలో ఆపి ఇడ్లీలు తినిపించింది. తినిపిస్తూ కూడా తిట్టింది.

ఆదివారం బ్యాగులు పంచాను. అనుకున్న ధర కన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. అడిగితే ఎందుకో చెప్పాలి. చెబితే 'పట్టుకున్నారంట' అన్న మాట కోట దాకా పోతుంది. అందరూ బ్యాగులు తెరిచి, మూసి, భుజాలకు తగిలించుకుని చూసుకున్నారు. పక్కింటామె నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఈసారి గొడుగులు తే. మడత గొడుగులు. నీలం రంగు. అందరికీ ఒకటే."

"అవునక్కా, ముప్పై" అన్నారు ఇంకెవరో.

దాచుకుందామనుకున్నదంతా బయటికి వచ్చేసింది. మిషను, చీటీలు, లేని మేనత్త, కట్టిన డబ్బు, అన్నీ చెప్పాను. నన్ను దొంగను చూసినట్టు చూస్తారనుకున్నాను. ఒకామె పమిటతో మొహం తుడుచుకుంది. పాస్టరమ్మగారు తన బ్యాగును భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

చివరికి పక్కింటామే మాట్లాడింది. "అయితే ఒకేసారి వద్దులే అక్కా. ఒక్కో తడవ రెండు రెండు తే. అన్నీ మీ ఇంట్లోనే పెట్టు. ముప్పై అయినాకనే పంచుదాము."

"అంతదాకా ఎవురూ గొడుగు ఇప్పకూడదు" అంది ఇంకొకామె. అందరూ తలలూపారు.

నేను వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. రెండు చొప్పున ముప్పై గొడుగులకు పదిహేను ప్రయాణాలు. పదిహేను సార్లు ఆ మిషను ముందు నిలబడాలి. వాళ్ళంతా నా మాట కోసం చూస్తున్నారు. నీలంలో ఏ నీలం కావాలో అడిగాను.