కొండను కాచమన్న మాట

సహోదరులారా, సహోదరీలారా, ఆ రోహిణి కార్తెను నేను చచ్చేదాకా మరిచిపోలేను! సీతారామపురం పక్క కొండవాలులో మాకు బొగ్గుల బట్టీ ఉండేది. చెట్లు నరికి, మొద్దులు పేర్చి, పైన మట్టి మెత్తి, లోపల నిప్పు పెట్టి, పగుళ్లు పడకుండా కనిపెట్టుకుని ఉండాలి, అదే మా కూడు, అదే మా గుడ్డ. ఏటికేడు ఎండలు ముదురుతున్నాయి, బావులు అడుగంటుతున్నాయి, అయినా ఆదివారం చర్చిలో "తండ్రీ, ఈ ఎండ తగ్గించు" అని ఏడ్చి, సోమవారం పొద్దున్నే గొడ్డలి పట్టుకుని కొండెక్కేవాళ్లం! అలాంటి ఒక మిట్టమధ్యాహ్నం, బట్టీ పగులుకు మట్టి పూస్తూ మా ఆయన అక్కడే కూలిపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట లేదు, మాట లేదు. మా మరిది ట్రాక్టరు తెచ్చి ఉదయగిరి ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడివాళ్లు ఆత్మకూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు, దారి పొడుగునా ఆయన నెత్తిన తడిగుడ్డ వేస్తూ "తండ్రీ, ఈ మనిషిని నాకు విడిచిపెట్టు, నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను" అని ఒకటే మొర!

దేవుడు విన్నాడు! మూడోనాటికి మా ఆయన కళ్లు తెరిచాడు. నేను బడికి పోయినదాన్ని కాదు, మా నాయన ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. మా ఆయనకు ఆ మాత్రం కూడా రాదు. అందుకని మంచం పక్కన కూర్చుని, కూడబలుక్కుంటూ ఏదెను తోట సంగతి చదివి వినిపించాను. దేవుడు మనిషిని ఆ తోటను కాచమని పెట్టాడనేసరికి ఆయన పెదాలు కదిలాయి.

"కాచమన్నాడా? మనం కాస్తానే ఉండాం గదే, బట్టీ పెట్టి కొండనంతా!"

నీళ్లు కాచినట్టు కాచడం అనుకున్నాడు! నేను పకపకా నవ్వాను, పక్క మంచాలవాళ్లు చూస్తున్నా ఆగలేదు, నవ్వుతూ నవ్వుతూనే ఉన్నట్టుండి ఆ మాట నాకే గుచ్చుకుంది. కావలి కాయమంటే కాగబెట్టాం!

పరామర్శకు వచ్చిన మా సంఘం అయ్యగారిని అడిగాను. "అయ్యగారూ, మా పొగతోనేనా ఈ ఎండలు?"

"ఫ్యాక్టరీల పొగ, మోటార్ల పొగ ముందు మీదెంతమ్మా! లోకమంతా వేడెక్కతా ఉండాదని చదువుకున్నోళ్లు చెప్తా ఉండారు. అయినా ఎవురి పొగకి వాళ్లే గదా దేవుడికి జవాబు చెప్పాల్సింది."

ఇంటికి వచ్చిన వారంలోనే బట్టీ పడగొట్టాము. మా మరిది నెత్తి కొట్టుకున్నాడు.

"ఏంది వదినా ఇది? రేపటినించి ఏం తింటారు, ఆకులా?"

"మేకలు బతకతా లేవంట్రా?" అన్నాడు మా ఆయన.

ఆయన అలా అన్నాడు గానీ నాకు లోపల భయమే! ప్రతి పూటా పొయ్యి ముందు మోకరించేదాన్ని. నెల తిరక్కముందే ఉదయగిరి దారిలో ఒక మొక్కల నర్సరీలో సంచులకు మట్టి నింపే పని ఇద్దరికీ దొరికింది, స్తోత్రం! అక్కడ వంకర పోయాయని పక్కన పడేసిన వేప, కానుగ మొక్కలు అడిగి తెచ్చి మేము నరికిన చోటే నాటాము. మొదటి ఎండాకాలం సగం ఎండిపోయాయి, మిగిలినవి మేకలు మేసేశాయి, మళ్లీ నాటాము, కంప చుట్టాము, బియ్యం కడిగిన నీళ్లు కూడా కొండకే మోశాము.

ఎండలు తగ్గాయని మీతో అబద్ధం చెప్పను. కానీ ఇప్పుడు నేను చేసే ప్రార్థనా, నా చేతులు చేసే పనీ ఒక దారిన పోతున్నాయి, అదే నా విడుదల, దేవునికే మహిమ! మొన్న మధ్యాహ్నం మా ఆయన ఒక కానుగ కింద తువ్వాలు పరుచుకుని నిద్రపోయాడు. చిన్న చెట్టు, నీడ నడుము దాకానే వచ్చింది, కాళ్లు ఎండలోనే ఉన్నాయి! ఆ నిద్ర చూసి నాకు ఆనందంతో ఏడుపు ఆగలేదు!

లోకం పెద్దది, మనమెంత అని దిగులుపడకండి, మనల్ని చేసినవాణ్ణి నమ్మండి! చర్చి వెనక మొక్కలు పెట్టి ఉంచాను. ఆరాధన అయ్యాక తలా ఒకటి తీసుకుపోండి, ఆ నీడ కాళ్ల దాకా రావాలి!