ఆయన్నే అడగమ్మా

ఎనభైల్లో డిట్రాయిట్‌లో నేను టైపిస్టుగా పనిచేసిన లాయరు ఆఫీసుకి, తమ రెస్టారెంటు మూతపడి దివాలా పిటిషన్ వేయడానికి తెలుగు దంపతులు వచ్చారు; వాళ్లని నేను అంకుల్, ఆంటీ అనేదాన్ని. లాయరు అడిగింది నేను తెలుగులో చెప్పినప్పుడల్లా, ఆంటీ నా వైపు తిరిగి మెల్లగా "ఆయన్నే అడగమ్మా" అనేది. అంకుల్ ఇంగ్లీషులో అలసటగా జవాబు చెప్పేవారు.

అప్పులన్నీ ఆయన పేరునే ఉన్నాయి, పిటిషన్ ఇద్దరూ కలిసి వేస్తారా అని అడిగాడు లాయరు.

"కలిసే. ఇన్నేళ్లూ ఏదైనా కలిసే చేశాం," అన్నారు అంకుల్.

ఆంటీ పెన్ను ముట్టుకోలేదు. "నేను వెయ్యనండీ. అప్పుల రికార్డులో ఒక్కరి క్రెడిట్ అయినా మచ్చ లేకుండా మిగలకపోతే రేపు మనకి అపార్ట్‌మెంట్ అద్దెకి ఎవరిస్తారు?"

ఇకపై ఉత్తరాలు ఏ అడ్రసుకి పంపాలని లాయరు అడిగితే, అంకుల్ మొదటిసారి నా వైపు తిరిగారు.

"ఆవిణ్ణే అడగమ్మా."